అమ్మ పాలచీర మీద దుబాయ్ సెంటు

మా చిన్నప్పుడు హైదరాబాద్ పాతబస్తీ గౌలిపురలో తెల్లారిందంటే మా గుమ్మం ముందు పాలకొచ్చినవాళ్ల గిన్నెల చప్పుడే... లోపల కొట్టంలో అమ్మ మా బర్రె మోతి పక్కన కూర్చుంటే గానీ ఆ గిన్నెలు నిండేవి కావు.

ఈమధ్య మా చుట్టాలంతా ఎప్పుడో పోయిన నాయనమ్మ ఫోటో పెట్టి "ఎంత చల్లని మనిషో" అని రాసుకుంటున్నారు. రాసుకోండి... నాకు మాత్రం ఆ ఫోటో చూస్తే ఒళ్లు మండుతుంది. ఎందుకో చెబుతాను.

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా మేనమామ టికెట్లు పంపి అమ్మనూ నన్నూ పదిహేను రోజులు దుబాయ్ రప్పించుకున్నాడు. పెళ్లయ్యాక అమ్మ ఊరు దాటడం అదే మొదలు. అక్కడ అమ్మ నవ్వింది... నోరారా, గట్టిగా. అలా నవ్వగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

తిరిగొచ్చిన రోజు నాయనమ్మ గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది. మంచినీళ్లు కూడా ఇయ్యలేదు.

"వచ్చినవా దొరసానీ! పదిహేను దినాలు నీ బర్రె పేడ నేనెత్తిన. నడుం ఇరిగింది నాకు. మస్తు తిరిగినవు గదా, ఇగ పో కొట్టంలకు."

అమ్మ పెట్టె విప్పకుండానే వెళ్లింది. నిజానికి అమ్మకు ఆ కొట్టమే దిక్కు. నాయనమ్మ నోరు అక్కడిదాకా వచ్చేది కాదు. పొద్దునా సాయంత్రం కాసేపు అమ్మ తన ప్రాణానికి తను ఉండేది అక్కడే.

పాలు పిండడానికి అమ్మకు ఒక పాత చీర ఉండేది. కొట్టంలో చిలక్కొయ్యకే వేలాడేది. దానికి సబ్బు తగలనిచ్చేది కాదు, వట్టి నీళ్లలో జాడించడమే. బర్రె మనిషిని వాసనతోనే గుర్తుపడుతుందని, వాసన మారితే పాలు చేపదని మా గల్లీలో అందరికీ తెలుసు. అమ్మ లేనప్పుడు నాయనమ్మ కూడా ఆ చీరే చుట్టుకుని పిండింది.

నాకూ తెలుసు... కానీ ఆ సాయంత్రం అమ్మ మొహం చూస్తే ఏడుపొచ్చింది. మామయ్య ఇచ్చిన సెంటు సీసా తెచ్చి ఆ చీర మీద సగం కొట్టేశాను. పొద్దున అమ్మకు దుబాయ్ గుర్తొచ్చి మళ్లీ నవ్వాలని... అంతే.

మర్నాడు విమానంలో పట్టిన జలుబుతో అమ్మకు ముక్కులు మూసుకుపోయాయి. ఏ వాసనా తెలియక చీర తీసి చుట్టుకుంది. పొదుగు మీద చెయ్యి వేసిందో లేదో మోతి కాలు విసిరింది. బకెట్ ఎగిరి గోడకు తగిలింది. అమ్మ మోచెయ్యి గీరుకుపోయి రక్తం వచ్చింది. ఇవాళ పాలు లేవా అని బయట ఎవరో ఉర్దూలో అరిచారు, "అమ్మా, ఆజ్ దూద్ నై క్యా?"

నాయనమ్మ ఉరికొచ్చింది.

"ఏంది గీ వాసన? సెంటా! బర్రె కాడికి సెంటు కొట్టుకొని వచ్చినవా? సిగ్గున్నదా నీకు?"

అమ్మ తలుపు వెనక్కి నక్కుతున్న నన్ను చూసింది. అంతా అర్థమైపోయింది ఆమెకు.

"అవునత్తా... నేనే కొట్టుకున్న."

"ఇంకోసారి కొట్టంల అడుగు పెట్టినవంటే కాళ్లు ఇరగ్గొడ్త. నడుం పోతే పోనీ, నా బర్రెను నేనే పిండుకుంట."

అన్నంత పనీ చేసింది. ఆ రోజు నుంచి అమ్మకు వంటిల్లే మిగిలింది, నాయనమ్మ మంచానికి మూడడుగుల దూరంలో... పొద్దస్తమానం తిట్లు. ఆమె పోయేదాకా, పదకొండేళ్లు. నేను మాత్రం నోరు తెరవలేదు. నాయనమ్మ మీద కోపమని చెబుతున్నాను గానీ, అందులో సగం నా మీదిదే.

కొట్టం ఉన్నచోట ఇప్పుడు బండ్లు పెడుతున్నారు. పాలు ప్యాకెట్లలో వస్తున్నాయి. మొన్న సెలవులకు సింగపూర్ వెళ్లొచ్చి పెట్టె విప్పుతూ, ఇన్నేళ్లకు అమ్మను అడిగేశాను... "ఆనాడు ఎందుకు నీ మీదేసుకున్నవే అమ్మా?"

అమ్మ నా బట్టలు మడతపెడుతూ అంది, "ఆమెకు తిట్టెతందుకు ఏదో ఒకటి గావాలె గదనే. నన్నెట్లయినా తిడుతది. నీ దాంక ఎందుకు రానియ్యాలె?"

మీ తప్పు తన నెత్తినేసుకున్న మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది... ఆమె గురించి కింద రాయండి. మా నాయనమ్మ చల్లని మనిషని మాత్రం నాకు చెప్పకండి.