గుండుగుండుకూ ఆగిన మా అవ్వ

నా చిన్నప్పుడు మా ఊరి వెనక ఎర్రమల కొండలు ఇప్పటికంటే రెట్టింపు ఎత్తుండేవి. నేను పొట్టిగా ఉండటం వల్ల అలా కనిపించేవని మా ఇంట్లో వాళ్ళంటారు గానీ, నేను ఒప్పుకోను. ఎండాకాలం ఆ బండల మీద జొన్నరొట్టె పరిస్తే తిరగేసేలోపే మాడేది. తొండలు కూడా ఒక కాలు ఎత్తి ఒక కాలు దించి, భరతనాట్యం చేసుకుంటూ బండ దాటేవి.

కర్నూలు రాజధాని అయి, డేరాల కింద సర్కారు ఆఫీసులు నడుస్తున్న రోజులవి. ఆ ఏడు మాకు వాన మొహం చూపలేదు. కొండ మీద దొనలు, అంటే బండల నడుమ వాననీళ్ళు నిలిచే గుంటలు, ఒక్కొక్కటీ ఎండిపోయి చివరికి ఒకే ఒక్క దొన మిగిలింది. కొండలోని ప్రాణులన్నీ దానికే వచ్చేవి. పొద్దు పొడిచేవేళ జింకలు, కొండగొర్రెలు, ఆ తర్వాత నెమళ్ళు, ఎండెక్కాక మా మేకలు. రేషను అంగడి ముందు కూడా అంత చక్కటి వరుస నేను చూడలేదు.

నీళ్ళకొచ్చినదాన్ని కొట్టకూడదని మా వైపు కట్టుబాటు. ఒకసారి మా మేకను ఎత్తుకుపోయిన తోడేలును మా తాత కర్ర పట్టుకుని కొండంతా తరిమాడట. అది దొన దగ్గర ఆగి నాలుక చాపగానే, కర్ర కింద పెట్టి, అది కడుపునిండా తాగేదాకా పక్కన కూర్చుని, ఆ తర్వాత మళ్ళీ తరిమాడట. అంత గట్టి కట్టుబాటు.

అప్పుడు దిగాడు పెద్దింటివాళ్ళ కొత్త అల్లుడు. డేరా ఆఫీసులో ఏదో ఉద్యోగం. రాష్ట్రం మొత్తం తన భుజాన ఉన్నట్టు నడిచేవాడు. మీసం ఈ చెవి నుంచి ఆ చెవికి కాడిమానులాగా ఉండేది. తుపాకి ఎంత పొడుగంటే, దాని కొన ఇంట్లోకి వచ్చిన కాసేపటికి గాని ఆయన వచ్చేవాడు కాదు. వచ్చీరాగానే, రేపు మీ అందరికీ జింకమాంసంతో విందు, దొన యాడుందో చూపిస్తే చాలు అన్నాడు. దొన దారి బాగా తెలిసింది రోజూ మేకల్ని తోలుకుపోయే మా అవ్వకు. మా మేకలు మేసేది పెద్దింటి బీడులో. పైగా వచ్చినవాడు కొత్త అల్లుడు. కాదనడానికి నోరెవరికుంది?

మా అవ్వ సరేనంది. అంతకు ముందు వారమే నేను దొన దగ్గర ఒక తల్లిజింకను, దాని వెనక చీపురుపుల్లల్లాంటి కాళ్ళతో తడబడుతున్న పిల్లను చూసి వచ్చాను. వాటికి ఆ నీళ్ళు తప్ప వేరే దిక్కులేదు. చూపించొద్దని అవ్వ కొంగు పట్టుకుని ఏడ్చాను. ఆమె నోట్లోని పొగాకును ఈ చెంప నుంచి ఆ చెంపకు మార్చుకుంది.

"చూపిస్తానని మాటిస్తి గదా. ఎంతసేపట్లో చూపిస్తానో మాత్రం నన్ను ఎవురూ అడగల్యా" అంది.

కోడి కూయగానే అవ్వ, నేను, కొత్త అల్లుడు బయలుదేరాం. మామూలుగా నడిస్తే పొద్దు పొడవక ముందే దొన చేరొచ్చు. దారిలో మొదటి పెద్ద బండ, ముంతగుండు దగ్గరికి రాగానే అవ్వ చతికిలపడింది.

"ఈ కొండకొక పద్ధతి ఉండాది నాయనా. గుండుగుండుకూ దాని పేరెట్ల వచ్చిందో చెప్పుకుంటా పోవల్ల. లేకుంటే యాటలో ఏమీ దొరకదు."

కొత్త అల్లుడు కూర్చోక తప్పలేదు. నిజానికి ముంతగుండు కథ చాలా చిన్నది. ముంతలాగా ఉంది, ముంతగుండు అన్నారు, అంతే. ఆ పొద్దు దానికి ఒక మజ్జిగమ్మే ముసలామె వచ్చింది, ఆమెకు ఏడుగురు కోడళ్ళు వచ్చారు, ఒక కరువు, ఒక పంచాయితీ, కోర్టు వాయిదా కూడా వచ్చాయి. ఆపైన తేనెచరి దగ్గర ఇంకో కథ. ఆపైన నక్కబోను దగ్గర మరొకటి. సవతులబండల దగ్గర అవ్వ కాసేపు పెద్దామె తరఫున, కాసేపు చిన్నామె తరఫున మాట్లాడి, తనతో తనే పోట్లాడింది. అల్లుడు తుపాకి ఒళ్ళో పెట్టుకుని, "అయినా పెద్దామెది తప్పేముండాది అవ్వా?" అని తగువులోకి దిగాడు.

కొండ అంచు ఎర్రబడింది. దొన వైపు నుంచి నెమలి కూత వినపడింది. జింకలు దొనకు చేరే వేళయిందని నాకు తెలిసిపోయింది. ఆ కూతకు ఆయనకూ వేట గుర్తొచ్చింది.

"ఇంకెంత దూరమవ్వా?"

"ఆ కనపడతాందే గుండు, దాని ఎనకాలే."

"ఇందాకట్నించీ అదే చెప్తాండావు!" అని నా వైపు తిరిగి, జేబులోంచి పిప్పరమెంటు తీశాడు. "పాపా, దగ్గర దావ ఏమన్నా ఉండాదా?"

ఉంది. పక్కనున్న సందులోంచి దిగితే, మేక అరిస్తే వినపడేంత దూరంలో దొన. పిప్పరమెంటు చూస్తే గుమ్మడికాయంత కనిపిస్తోంది. అవ్వ వైపు చూశాను. ఆమె ఆకాశం వైపు చూస్తోంది. నా మీదే వదిలేసిందన్నమాట.

"ఉండాది" అన్నాను. ఆయన లేచాడు. నేను మాత్రం అవ్వలాగే చతికిలపడ్డాను. "అయితే ఆ దావలో ఎలుగ్గుంత ఉండాది. దానికి ఆ పేరెట్ల వచ్చిందంటే..."

ఎక్కడినుంచి వచ్చాయో ఆ మాటలు! ముందు ఒక ఎలుగుబంటి అన్నాను. చాలదనిపించి దాని చుట్టాలను కూడా పిలిపించాను. గోళ్ళు కొడవళ్ళంత. ఒకటి కోర్టు అమీనుగారి తలపాగా ఎత్తుకుపోయి, తన పిల్లకు ఉయ్యాల కట్టింది. ఆ అమీనుగారు ఇప్పటికీ ఎండలో బోడితలతో తిరుగుతున్నాడు. కొత్త అల్లుడు సందు వైపు చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. మా అవ్వ నవ్వకుండా అంది:

"పూర్తిగా చెప్పు పాపా. సగంలో ఆపితే కొండ ఒప్పుకోదు."

పూర్తిగా చెప్పాను. అవ్వ దారిలోనే పోదామన్నాడాయన. మేము దొన చేరేసరికి ఎండ చురుక్కుమంటోంది. అక్కడ పురుగు కూడా లేదు. బండ మీద తడి గిట్టల గుర్తులు, పెద్దవాటి పక్కనే బొట్టంతేసి చిన్నవి, చూస్తుండగానే ఆరిపోతున్నాయి.

అంత దూరం ఆ తుపాకి మోసిన మనిషి నాలుక అట్టలాగా అయిపోయింది. తుపాకి బండకు ఆనించి, మోకాళ్ళ మీద కూర్చుని, దోసిలి పట్టాడు. మా అవ్వ పక్కనే నిలబడి మెల్లగా అంది:

"తాగప్పా, నిదానంగా తాగు. ఈడ నీళ్ళకొచ్చినోళ్ళను ఎవురూ ఏమీ అనరు."

ఆయన దోసిలి ఆగింది. మీసం నుంచి నీళ్ళు కారుతుండగా, ఆరిపోతున్న ఆ చిన్న గుర్తుల వైపు చాలాసేపు చూశాడు. మిగిలిన నీళ్ళు తాగి లేచాడు. దిగేటప్పుడు తుపాకిని గొడుగులాగా చంకన పెట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం పెద్దింట్లో గుత్తివంకాయతోనే విందు జరిగింది. సవతులబండల కథను ఆయన మా అవ్వకంటే పొడుగ్గా చెప్పాడని, వడ్డిస్తున్న అత్తగారు గరిటె పట్టుకునే వింటూ చతికిలపడిందని విన్నాను.

పట్టుదల అంటే పిడికిలి బిగించి గొంతు పెంచడమని అప్పటిదాకా అనుకునేదాన్ని. మా అవ్వ పట్టుదల చతికిలపడి, పొగాకు నములుతూ, అడిగినవాడికి మర్యాదగా జవాబు చెబుతూనే ఒక్క అంగుళం కదలనిది. ఇప్పుడు మా ఊరికి క్వారీలవాళ్ళు జీపుల్లో వస్తారు, ఏ కొండలో మంచి రాయుంది, దగ్గర దారేదని అడుగుతూ. నేను మంచం వాల్చి, కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, ముందు ఆ ముంతగుండుకు పేరెలా వచ్చిందో వినమంటాను. వాళ్ళు గడియారం చూసుకుంటారు. వాళ్ళ తొందర పెరిగేకొద్దీ నేను ఇంకో కోడలిని కథలోకి తెస్తాను. మనిషి మరీ అంత తొందరపడుతున్నాడంటే, అవతల ఎక్కడో ఒక ప్రాణి తలవంచి నీళ్ళు తాగుతూ ఉంటుందనే నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.