తిట్టినోళ్ల దగ్గరికి పొమ్మన్న డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయిందన్న కబురు నాకు భీమ్‌గల్ బస్సులో తెలిసింది. అక్కడి సర్కారు దవాఖాన పంటి డాక్టరుగారితో కలిసి బడిపిల్లల పళ్లు చూడడానికి అప్పుడప్పుడు వెళ్తుంటాను. బస్సు ఇంకా ఆర్మూర్ దాటనే లేదు, క్లినిక్‌లో పనిచేసే కాంపౌండర్ ఫోన్ చేశాడు. "మేడమ్, డాక్టరమ్మ లేదు. హైదరాబాద్ దవాఖానల పొద్దుగాల పానం పోయిందట," అన్నాడు. చుట్టాల పెళ్లికని చెప్పి వెళ్లిన మనిషి దవాఖానలో ఎందుకున్నదో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. బస్సు ఆపించి దిగాను. దిగాక ఎటు పోవాలో తోచక క్లినిక్ వైపే నడిచాను.

ఆర్మూర్‌లో ఒక్కసారైనా పంటినొప్పి వచ్చినవాళ్లకు ఆమెను పరిచయం చేయక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. మార్కెట్‌కు పోయే రోడ్డులో, మందుల షాపు పైన, రెండు కుర్చీల క్లినిక్ ఆమెది. నేను బీడీఎస్ చదివి ఊరికి తిరిగొచ్చాక నన్ను రెండో కుర్చీ దగ్గర నిలబెట్టారు. పసుపు అమ్మకాల రోజుల్లో రైతులు పసుపంటిన చేతులతోనే మెట్లెక్కి వచ్చి, సూది చూడగానే కుర్చీని గట్టిగా పట్టుకునేవారు. ఎంత తుడిచినా కుర్చీ చేతులకు ఆ మరక వదిలేది కాదు. కొత్త రెగ్జిన్ వేయిద్దామని నేనంటే, "మల్ల సీజన్‌కు గట్లనే అయితది, ఊకో," అనేవారు.

ఆమెకో వింత అలవాటు ఉండేది. మనిషి నోట్లో దూది కుక్కి, సరిగ్గా అప్పుడే మక్కజొన్నల ధర అడిగేవారు. ఆ రైతు పాపం "ఊఁ, ఊఁ" అంటుంటే ఆ ఊఁకారాలన్నిటికీ తనే అర్థం చెప్పుకుని, వాదించి, చివరికి ఒప్పుకునేవారు. ఈలోగా పన్ను బయటికి వచ్చేసేది. ఇక తీపి తినవద్దని అందరికీ చెప్పే ఆ మనిషి కోటు జేబులో ఎప్పుడూ పల్లిపట్టి ఉండేది. నేను చూశానని తెలిస్తే, "నేను చెప్పింది చెయ్యి, చేసింది చెయ్యకు," అని కొరికేవారు.

పోయిన ఏడాది వానకాలంలో, చిన్నపిల్లల దంతవైద్యంలో పై చదువు కోసం విదేశంలో ఒక డెంటల్ స్కూలుకు దరఖాస్తు పెట్టాను. రెండేళ్ల చదువు. నోట్లో అద్దం పెట్టగానే ఏడ్చే పిల్లలకు వైద్యం చేయడం సరిగ్గా నేర్చుకోవాలన్నది నా ఆశ. మార్కులతో పాటు నా పని తెలిసినవాళ్లు రాసిన రెండు ఉత్తరాలు కావాలన్నారు, అవసరమైతే ఆ రాసినవాళ్లకు ఫోన్ చేసి మాట్లాడతామని కూడా అన్నారు. సీటు వచ్చేదీ రానిదీ ఆ ఉత్తరాల మీదే ఉందని ముందు చదివినవాళ్లు భయపెట్టారు.

ఈ మాట ఇంట్లో చెప్పడమే ఆలస్యం, మా బాపు కండువా వేసుకుని బయల్దేరాడు. మాది పసుపు కమీషన్ దుకాణం. అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడి మాట ఇవ్వడమే ఆయన పని. ఉత్తరం అంటే ఆయన లెక్కలో పెద్దమనిషి సిఫారసే. సాయంత్రానికల్లా మార్కెట్‌లో పలుకుబడి ఉన్న ఒకాయన చేత రాయించుకొచ్చాడు. "సీలు గూడ కొట్టించిన బిడ్డా, ఎవ్వడన్న కాదంటడా చూస్త," అన్నాడు. ఇక రెండోదానికి నేను చదివిన కాలేజీలో పెద్ద ప్రొఫెసర్‌ను అడిగితే, "నువ్వే రాసి పంపమ్మా, సంతకం పెడతాను," అన్నారు. నా గురించి నేనే రాసుకున్నాను. రాయడం అయ్యేసరికి అందులో ఉన్న అమ్మాయిని నేనే గుర్తుపట్టలేకపోయాను.

డాక్టరమ్మ రెండూ చదివారు. బాపు తెచ్చినదాన్ని ముందు పక్కన పెట్టారు.

"ఇండ్ల మీ బాపు మంచోడని ఉన్నది, మీ తాత మంచోడని ఉన్నది. గీ ఉత్తరంతోని మీ బాపుకు సీటొస్తది గని నీకు రాదు."

రెండోది చదువుతూ కళ్లద్దాల మీదుగా నా వైపు చూశారు. "గిది నువ్వే రాసుకున్నవు గద. పెండ్లి బయోడేటా లెక్క ఉన్నది. పొడుగు, రంగు రెండే తక్కువ."

"మరి ఎవ్వరితోని రాయించాలె మేడమ్?"

"నిన్ను మస్తు తిట్టినోళ్లెవరు?"

ఆలోచించే పనే లేదు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక లెక్చరర్ నేను ఒక పాప పుచ్చుపంటికి పెట్టిన సిమెంటు తీయించి మళ్లీ పెట్టించారు, అది కూడా తీయించారు. ఆ రోజు బాత్‌రూమ్‌లో నిలబడి ఏడ్చాను. ఇంకొకరు భీమ్‌గల్ డాక్టరుగారే. క్యాంపులో నేను తొందరపడుతుంటే, "పిల్లల నోరనుకున్నవా, పసుపు బస్తా అనుకున్నవా?" అని అందరి ముందూ అరిచారు.

"గా ఇద్దరి దగ్గరికి పో," అన్నారు డాక్టరమ్మ. "తిట్టిండంటే చూసిండన్నట్టు. చూడనోడు మెచ్చుకుంటడు, ఆనికేం పోతది? పోయి మొఖం మీదనే అడుగు, నా గురించి గట్టిగ రాయగలుగుతరా అని. నసిగితే దండం పెట్టి వచ్చెయ్."

"మీరు తిట్టినంత ఎవ్వరు తిట్టలే. మీరే రాయుండ్రి."

ఆమె చేతులు కడుక్కుంటూ ఉన్నారు, వెనక్కి తిరగలేదు. "నాది వద్దు పిల్లా. ఆళ్లు ఫోన్ చేస్తరంటివి గద. ఫోన్ ఎత్తేటోళ్లను పెట్టుకో."

అప్పటికి నవ్వేశాను. పనిలో ఉన్నప్పుడు ఆమె ఫోన్ ఎత్తిన పాపాన పోలేదు మరి. ఇంటికి వచ్చాక మాత్రం ఆ మాట గుచ్చుకుంది. ఇన్నాళ్లు పక్కన నిలబడినా నా పని ఆమెకు నచ్చలేదేమో, ఆ సంగతి మెత్తగా చెప్పారేమో అనుకున్నాను. సీటు కంటే ఆ అనుమానమే నన్ను ఎక్కువ తిన్నది.

అయినా చెప్పినట్టే చేశాను. మనవైపు పెద్దవాళ్లను అలా నిలదీసి అడగడం అలవాటు లేదు, నాలుక తిరగకపోయినా అడిగేశాను. లెక్చరర్ నా దరఖాస్తు తీసుకుని చివరిదాకా చదివారు. ఆ తర్వాత, "రాస్తాను. నిన్ను ఎందుకు తిట్టానో కూడా రాస్తాను, తిట్టాక నువ్వేం చేశావో కూడా రాస్తాను, సరేనా?" అన్నారు. భీమ్‌గల్ డాక్టరుగారు అదే రోజు రాయడానికి కూర్చున్నారు.

ఆ వానకాలం నుంచే డాక్టరమ్మ తరచూ హైదరాబాద్ వెళ్లిరావడం మొదలైంది. ఎప్పుడడిగినా చుట్టాల పెళ్లనే చెప్పేవారు. "ఆషాఢంల పెండ్లేందే?" అని మా అమ్మ ఒకసారి అడిగింది. పట్నపోళ్లకు ఆషాఢమేంది, శ్రావణమేంది అని నేనే సర్దిచెప్పాను. మా తెలివి అంత వరకే.

సీటు వచ్చిందని చెప్పిన రోజు ఆమె పల్లిపట్టి విరిచి పెద్ద ముక్క నాకిచ్చారు. "మంచిగ నేర్చుకో. నేర్చుకొని మల్ల గీడికే రావాలె గని," అన్నారు. ఆ వారమే మళ్లీ పెళ్లికని వెళ్లారు.

అంత్యక్రియల దగ్గర ఆమె తమ్ముడు చెప్పాడు. నేను దరఖాస్తు పెట్టకముందే జబ్బు బయటపడిందట, ఇంకెన్నాళ్లు బతుకుతారో డాక్టర్లు అప్పుడే చెప్పారట. ఫోన్ ఎత్తేవాళ్లను పెట్టుకోమని ఎందుకన్నారో అప్పుడు తెలిసింది. తన సంగతి అలా ఉంటే, నా సీటుకు అడ్డం రాకూడదని చూసుకున్నారు. అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు.

దినాలు అయ్యాక క్లినిక్ తెరిచాం. నేను చదువు ముగించి వచ్చేదాకా సాయంత్రాలు తాను కూర్చుంటానని భీమ్‌గల్ డాక్టరుగారు మాట ఇచ్చారు. తెరిచిన పొద్దున ముప్కాల్ నుంచి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ ఇక లేరని ఎలా చెప్పాలా అని నేను మాటలు వెతుక్కుంటున్నాను.

"ఎర్కే బిడ్డా," అంది ఆమె. "రెండో కుర్చీ పిల్లవు నువ్వే గద? పిల్లను నీకే చూపియ్యమని చెప్పింది డాక్టరమ్మ. నా కంటె ఆమె చెయ్యి మెత్తగుంటది, నొప్పి తెల్వది అన్నది."

"ఎప్పుడన్నది?"

"పోయిన వానకాలం. మా ఊరోళ్లు ఎవరొచ్చినా గట్లనే చెప్పి పంపింది."

అటు తిరిగి కళ్లు తుడుచుకుని, చేతులు కడుక్కుని, గ్లౌజులు వేసుకున్నాను. పాప కుర్చీ ఎక్కి నా మొహం వైపు, నా చేతుల వైపు మార్చి మార్చి చూసింది. చూసి చూసి, నేను అడగకముందే నోరు తెరిచింది. ముందు పన్ను ఊడిన చోట, చిగురు కింద నుంచి కొత్త పన్ను అంచు తెల్లగా, బియ్యపు నూకంత కనిపించింది.