మేనేజరు గారి కుక్కతో శుక్ర, శనివారాలు

మా ఆయన పనిచేసే కంపెనీ మేనేజరు కారవాన్ కొన్నాడని విన్నప్పుడు అదేదో లారీ అనుకున్నాను. కంపెనీ ఉన్నది జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో. గోదాముల్లో సరుకు దించడం, ఎక్కించడం, ఓడలకు పంపడం వాళ్ళ పని. అలాంటి చోట మేనేజరు లారీ కాక ఇంకేం కొంటాడు?

"లారీ కాదే, చక్రాల మీద ఇల్లు. లోపల మంచాలు, పొయ్యి, బాత్రూమ్ అన్నీ ఉంటాయి. కారు వెనకాల తగిలించుకుని ఎక్కడికైనా పోవచ్చు," అన్నాడు మా ఆయన, తనే కొన్నంత సంబరంగా.

ఎక్కడికైనా పోవడానికి కొన్న ఆ ఇల్లు ఉమ్ అల్ క్వైన్ సముద్రం ఒడ్డున ఒకే చోట పాతుకుపోయి ఉంది. దేశం వదిలిపోతున్న ఒక ఇంగ్లీషాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారట. దాని టైర్లు సగం ఇసుకలో కూరుకుపోయి ఉండడం తర్వాత నా కళ్ళతో నేనే చూశాను.

మేనేజరు హైదరాబాదు మనిషి. షార్జాకు వచ్చిన కొత్తలో వాళ్ళూ మా అల్ నహ్దాలోనే, మా బిల్డింగుకు రెండు వీధుల అవతల ఉండేవాళ్ళు. మెట్ల మీద పిల్లి కూర్చుని ఉంటే ఆయన భార్య అది లేచి వెళ్ళేదాకా కిందే నిలబడేది. నాలుగేళ్ళలో ఆయన జీతం పెరిగింది, దుబాయ్‌లో విల్లా వచ్చింది. విల్లాతో పాటు ఆఫీసులోని తెల్లవాళ్ళ అలవాట్లు ఒక్కొక్కటే దిగుమతి అయ్యాయి. మొదట టోపీ, తర్వాత కుక్క, ఆ తర్వాత కారవాన్. కుక్క పసుపు రంగులో దూడంత ఉంటుంది. దానికొక ఇంగ్లీషు దొర పేరు పెట్టుకున్నారు. దానితో ఇంగ్లీషులోనే మాట్లాడేవాళ్ళు. తెలుగులో పిలిస్తే దాని పరువు పోతుందన్నట్టు.

వారాంతపు సెలవు గురు, శుక్రవారాల నుంచి శుక్ర, శనివారాలకు మారిన ఏడాది చలికాలం అది. అంటే 2007 జనవరి అనుకుంటాను. ఆఫీసులో అసిస్టెంట్ మేనేజరు పోస్టు ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే మేనేజరు మమ్మల్ని కారవాన్‌కు రమ్మన్నాడు.

"రెండు రోజులే. పాపకు సముద్రం చూపించినట్టు ఉంటుంది," అన్నాడు మా ఆయన.

"పాప సముద్రం చూడలేదా ఏంది? పోయిన వారమే గదా అల్ మమ్జార్‌కు తీసుకుపోయారు."

"అది వేరు, ఇది వేరు."

ఎలా వేరో నాకు తెలుసు. అందుకే శుక్రవారం తెల్లవారుజామున నాలుగింటికే లేచి పులిహోర కలిపాను, గారెలు వేశాను, గోంగూర మాంసం వండి డబ్బాలో సర్దాను. పోస్టు నాకూ కావాలి. ఆ సంగతి దాచుకుని ఇప్పుడు వాళ్ళనొక్కళ్ళనే తిడితే న్యాయం కాదు.

మాకు అప్పట్లో కారు లేదు. మేనేజరు పెద్ద జీపులో వచ్చి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. వెనక సీటులో నేనూ, మా ఆయనా, ఆరేళ్ళ పాపా, కుక్కా. పాప కిటికీ పక్కన కూర్చోబోతే మేనేజరు భార్య, మా మేడమ్, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకోమ్మా. దానికి కిటికీ లేకపోతే వాంతులు."

దారి పొడుగునా కుక్క తల కిటికీ బయట, తోక నా మొహం మీద. గాలికి దాని చొంగ వెనక్కి ఎగిరి నా చున్నీ మీద పడుతోంది. "నువ్వంటే ఇష్టం దానికి," అంది మేడమ్. మా ఆయన దాని వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. మా ఇంట్లో బల్లి కనబడితే చీపురు నా చేతికిచ్చి పక్కకు తప్పుకునే మనిషి.

ఒడ్డున వరసగా పది పన్నెండు కారవాన్లు. అన్నీ తెల్లవాళ్ళవే, మావాళ్ళది ఒక్కటి తప్ప. ప్రతి దాని ముందూ ఒక కుక్కో రెండు కుక్కలో. పక్క కారవాన్‌లో ఒక ముసలి దంపతులు, వాళ్ళ మనవడు, రెండు ముసలి కుక్కలు. ఆ ముసలాయన పొద్దున్నా సాయంత్రం కుక్కల్ని తిప్పుతాడు. అవి దొడ్డికి కూర్చున్నచోట జేబులోంచి చిన్న సంచి తీసి, చేతికి తొడుక్కుని, వంగి ఎత్తి, ముడివేసి, చెత్తడబ్బాలో వేసి వస్తాడు. ఆ తర్వాత అదే కుక్కకు తన పళ్ళెంలోంచి సాసేజి పెట్టి, అది నాకిన పళ్ళెంలోనే తాను తింటాడు. నేను తల పక్కకు తిప్పుకున్నాను. మేడమ్ మాత్రం, "చూడు, వాళ్ళది ఎంత ప్రేమో," అంది. ఆ ప్రేమలో సంచి తొడుక్కుని వంగే భాగం ఆమె కంట్లో పడలేదు. మేనేజరు వాళ్ళ కుక్క సంగతి ఇంటి దగ్గరైతే శ్రీలంక పనమ్మాయి చూసుకునేదట. ఆ అమ్మాయి సెలవు మీద ఊరెళ్ళింది. అందుకని ఈసారి మమ్మల్ని పిలిచారని నాకు అప్పటికి తట్టలేదు.

శుక్రవారం మధ్యాహ్నానికే తట్టింది. మేనేజరు తాడు తెచ్చి మా ఆయన చేతిలో పెట్టాడు. "జర అట్లా ఒక రౌండ్ తిప్పుకరా. నాకు మోకాలు నొప్పి ఉంది." సాయంత్రం మళ్ళీ తాడు. ఈసారి మోకాలి ప్రస్తావన కూడా లేదు.

నా వంట బాగుందని అందరూ తిన్నారు. మేడమ్ గారెలు రెండు తీసి కుక్కకు వేసింది. అది మింగేసి మళ్ళీ తోక ఊపింది. "చూడు, దానికీ నచ్చినయి," అంటూ మిగిలిన ఆరూ వేసింది. ఆ పైన గోంగూర మాంసం గిన్నె అడుగున ఉన్నది కూడా. తెల్లారగట్ల లేచి నేను పప్పు రుబ్బింది ఎవరి కోసమో అప్పుడు తెలిసింది. ఆ రాత్రి కుక్క లోపల పరుపు మీద పడుకుంది, మేము బయట గుడారంలో చలికి ముడుచుకున్నాం.

శనివారం పొద్దున తొమ్మిదింటికి కుక్కకు కడుపు చెడింది. ఎవరూ తాడు పట్టుకోకముందే తలుపు తోసుకుని బయటపడి, పక్క కారవాన్ మెట్ల ముందు వేసిన పచ్చ చాప మీద కూర్చుంది. కాసేపటికి ఆ ముసలాయన మనవడు ఒట్టికాళ్ళతో దిగి దాంట్లోనే అడుగుపెట్టాడు.

ముసలాయన మా వైపు వచ్చాడు. కేకలు వేయలేదు. పిల్లవాడికి కాళ్ళు కడుగుతున్నారనీ, ఇది ఎవరి కుక్కో వాళ్ళు వచ్చి శుభ్రం చేస్తే బాగుంటుందనీ ఇంగ్లీషులో మర్యాదగా చెప్పాడు.

మేనేజరు కుర్చీలోంచి లేచాడు. "సో సారీ," అన్నాడు. అని మా ఆయన వైపు వేలు చూపించాడు. "కుక్కను చూసుకోమని ఇతనికి చెప్పాను. నా స్టాఫ్. ఇప్పుడే క్లీన్ చేస్తాడు."

మా ఆయన చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని కింద పెట్టి, "సారీ సార్," అని ముసలాయనకు చెప్పాడు. తర్వాత టిష్యూ డబ్బా తీసుకుని చాప దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. ఎంకాం చదివిన మనిషి. టిష్యూతో ఎత్తడానికి అదేమీ గట్టిగా లేదు. రెండుసార్లు ప్రయత్నించి చేతికి అంటించుకున్నాడు.

"నీ గారెలు పడనట్టున్నయి దానికి," అంది మేడమ్ నాతో. కోపంగా కాదు, పోనీలే క్షమించాను అన్నట్టు.

నేను నోరు తెరిచేలోపు మా పాప నీళ్ళ దగ్గర నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో ఇసుక గూళ్ళు కట్టుకునే ఎర్ర ప్లాస్టిక్ పార. వాళ్ళ నాన్న పక్కన నిలబడి దాన్ని చాపింది. "దీంతో తియ్యి నాన్నా, వస్తుంది."

మేనేజరు నవ్వాడు. "స్మార్ట్ గర్ల్. బాగా ట్రైన్ చేసినవ్ రా."

మా ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను లేచాను. వెళ్ళి పాప చేతిలో పార లాక్కున్నాను. మా ఆయనను భుజం పట్టుకుని లేపాను.

"ఏమండీ, మీరు లేవండి. చేతులు కడుక్కోపోండి." తర్వాత మేనేజరు వైపు తిరిగాను. "సార్, కుక్క మీది. మీరు తియ్యండి."

"అరె, ఏమైందిప్పుడు? చిన్న విషయానికి..."

"చిన్నదే గదా సార్. అందుకే మిమ్మల్ని తియ్యమంటా ఉండా."

"నువ్వు ఊరుకో," అన్నాడు మా ఆయన నాతో, తెలుగులో, గొంతు తగ్గించి. ముసలాయనకు భాష తెలియకపోయినా సంగతి అర్థమైంది. మా ముగ్గురి మొహాలూ చూశాడు. జేబులోంచి ఒక సంచి తీసి మేనేజరు చేతిలో పెట్టాడు. ఎలా తొడుక్కోవాలో తెలియదనుకున్నాడో ఏమో, ఇంకో సంచి తీసి తన చేతికి తొడిగి చూపించాడు, చిన్నపిల్లవాడికి చొక్కా గుండీలు పెట్టడం నేర్పినట్టు. ఆ పైన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మా ఆయన ముందైతే మేనేజరు ఇంకేదో అనేవాడు. తెల్లాయన నిలబడి చూస్తుంటే ఏమంటాడు? వంగాడు. మోకాలు బాగానే వంగింది. ఇసుక పోసి, సంచితో ఎత్తబోయి, వాసన తగలగానే మొహం తిప్పుకున్నాడు. రెండోసారికి ఓకరించుకుంటూ కారవాన్ వెనక్కి పరుగెత్తి, టైరు పక్కన పొద్దున తిన్నదంతా కక్కాడు. మేడమ్ నీళ్ళ సీసాతో ఆయన వెనకాల పరుగెత్తింది. కుక్క ఆ ఇద్దరి వెనకా ఉత్సాహంగా పరుగెత్తింది. చివరికి చాప మొత్తం చుట్టి పారేసి, కొత్తది కొనిస్తామని ఒప్పుకున్నారు.

అప్పుడే కారవాన్లకు నీళ్ళు నింపే పికప్ వచ్చింది. దాన్ని నడిపేది పాతికేళ్ళ రాయచోటి ముస్లిం కుర్రాడు. దిగుతూనే మా మాటలు విన్నట్టున్నాడు. "తెలుగోళ్ళా అక్కా?" అన్నాడు.

నేను గుడారంలోకి వెళ్ళి మా సంచులు సర్దాను. "బాబూ, నీళ్ళు నింపినాక మమ్మల్ని టాక్సీలు దొరికే చోట దించుతావా?"

"దానికేముంది, ఎక్కండక్కా."

మా ఆయన కదల్లేదు. "సార్ ఏమనుకుంటారు?" అన్నాడు. నేను పాపను ఎత్తుకుని పికప్‌లో కూర్చున్నాను. ట్యాంకు నిండేదాకా ఆయన అక్కడే ఇసుకలో నిలబడి, చివరికి వచ్చి నా పక్కన ఇరుక్కున్నాడు. మేనేజరుకు మాత్రం, "పాపకు ఒంట్లో బాగాలేదు సార్," అని చెప్పి వచ్చాడు.

దారిలో ఆ అబ్బాయే మాట్లాడాడు. "ఆ కారవాన్ సార్ నన్నూ అడిగినారు, పోయిన నెల. కుక్కకు పైపు పెట్టి కడగమని. నా పని ట్యాంకు నింపేది, ఖలాస్ అని చెప్తి. మళ్ళా అడగలే."

"నువ్వు అంటావు. నీ జీతం, సెలవు చూసే ముదీర్ ఆయన కాదు కదా," అన్నాడు మా ఆయన.

"వీసా ఇచ్చిన మా కఫీల్ ఇంతకంటే మొండోడు సార్. ఆయప్పకూ ఇట్లే చెప్తా."

అబ్బాయి ఉమ్ అల్ క్వైన్ టాక్సీల దగ్గర దించి, డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇంటికొచ్చాక నాలుగు రోజులు మా ఆయన నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు, లేచాడు. ఐదో రోజు, "నీ నోటితో నా పోస్టు పోయింది," అన్నాడు. ఆఫీసులో మేనేజరు ఆ సంగతే ఎత్తలేదట. కుక్కకు కడుపు కుదురుకుందని మాత్రం చెప్పాడట, ఇతను అడిగినట్టు. మూడు వారాలకు ఆ పోస్టు ఇంకొకతనికి ఇచ్చారు. అతను అంతకుముందు రెండు వారాంతాలు కారవాన్ దగ్గర గడిపి వచ్చాడని తర్వాత తెలిసింది. అతను ఏమి ఎత్తాడో నేను అడగలేదు.

మరుసటేడు మా ఆయన షార్జాలోనే వేరే కంపెనీలో చేరాడు. జీతం కాస్త తక్కువే, ఇంటికి మాత్రం దగ్గర. చేరిన కొత్తల్లో ఒకరోజు భోంచేస్తూ, ఏ సందర్భమూ లేకుండా అన్నాడు.

"ఆ రోజు నువ్వు రాకపోతే నేను తీసేసేవాణ్ణి. సోమవారానికి మర్చిపోయేవాణ్ణి."

"నేను మర్చిపోయేదాన్ని కాదు," అన్నాను.

ఆయన మజ్జిగ పోయమన్నాడు. పోశాను. మా మధ్య ఆ విషయం గురించి జరిగిన మాటలన్నీ అంతే.

2008 చివర్లో మేడమ్ మా వీధి సూపర్ మార్కెట్లో కూరగాయల దగ్గర కనిపించింది. విల్లా ఖాళీ చేసి మళ్ళీ అల్ నహ్దాకే వచ్చారట. కంపెనీలో చాలామందిని తీసేస్తున్నారని చెప్పింది. కారవాన్ అమ్మేశారట. కుక్క సంగతి నేను అడగలేదు, తనే చెప్పింది.

"బిల్డింగులో కుక్కల్ని ఉంచనియ్యరు కదా. ఎవరిదో ఫామ్ ఉందంటే పంపేసినం. డ్రైవర్ తీస్కపోయిండు. బిడ్డ లెక్క పెంచుకున్నం, తెల్సా." ఆ ఫామ్ ఎక్కడో, ఎవరిదో ఆమెకు తెలియదు. డ్రైవరును అడగాలట.

ఆ మాట అంటూనే దొండకాయల మీద చెయ్యి పెట్టింది. నా చేతిలో ఉన్న సంచిని చూసి, రోల్ నుంచి ఇంకొకటి తెంచి నా వైపు చాపింది.

"నువ్వు ఎట్లాగూ ఏరుతున్నవ్ కదా. నాక్కూడా అరకిలో లేతవి ఏరిపెట్టమ్మా."

నా దొండకాయలు మాత్రం తూకం వేయించుకుని వచ్చేశాను.