మరకలమ్మ ఆదివారం తీర్పులు

ఆ పేరు పెట్టింది ఆవిడ పనిచేసే డ్రైక్లీనింగ్ షాపు ఓనరు. పొగుడుతున్నాననే అనుకున్నాడు పాపం. షాపు వెనక గదిలో కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద మెడ వంచిన దీపం, సీసాల్లో రకరకాల మందులు, పళ్ల బ్రష్షుల్లాంటి నాలుగైదు బ్రష్షులు. ఆ బల్ల ముందు కూర్చుని మరకలమ్మ ఏళ్ల తరబడి ఊరందరి మరకలూ వదిలిస్తోంది. కాఫీ ఒలికిందని చెప్పి ఇచ్చిన కోటును దీపం కిందకు లాగి, ఇది కాఫీ కాదు, దగ్గు మందు అని తేల్చేస్తుంది. మరకను బయటి అంచు నుంచి లోపలికి అద్దుకుంటూ రావాలి, లోపలి నుంచి బయటికి రుద్దితే బట్టంతా పాకుతుంది అని కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెబుతుంది. పనిలో ఆ కన్ను వరమే. కానీ సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు దాన్ని బల్ల మీదే వదిలి రావాలన్న బుద్ధి మాత్రం ఆవిడకు ఏనాడూ పుట్టలేదు.

ఇంట్లో ఆవిడ కంటికి ఏదీ ఆనదు. కూతురు ఇస్త్రీ చేస్తే మడత వంకర. పక్కింటివాళ్లు కర్టెన్లు మారిస్తే జానెడు పొట్టి. మొగుడి సంగతైతే ఒక్క ముక్కలో తేల్చేస్తుంది: కొన్ని మరకలు వదలవు, అప్పుడు బట్టనే వదిలేసుకోవాలట. నిజానికి వదిలేసి పోయింది ఆయన, అదీ కూతురు పాకే వయసులో. ఆ మాట ఆవిడ ముందు అనగల మొనగాడు చుట్టాల్లో ఇంకా పుట్టలేదు.

ఇవన్నీ చాలవన్నట్టు ఈమధ్య పుస్తకాల మీదా సినిమాల మీదా పడింది. ఆ పాపం ఆవిడ తమ్ముడిది. అతనికి పాత పుస్తకాల షాపు ఉంది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి కాబట్టి ఆదివారం భోజనం అక్క ఇంట్లోనే. వచ్చేటప్పుడు షాపులో ఎవరూ ముట్టుకోని నవలలూ, అట్టలూడిన జపాను బొమ్మల కథలూ, అవే, మాంగా అంటారే, అవీ సంచినిండా తెస్తాడు. పోయిన వారం తెచ్చినవి పట్టుకుపోతాడు. ఇక యానిమేషన్ సినిమాలు ఆవిడ ఫోనులో చూస్తుంది, అదీ రెట్టింపు వేగంతో, కూరగాయలు తరుగుతూ. మామూలు వేగంతో చూసేంత సరుకు వాటిలో ఉండదట.

భోజనాలయ్యాక కోర్టు మొదలవుతుంది. ఒక లావుపాటి నవలలో హీరో పుస్తకం పొడుగునా కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తాడు. ఆ ఇంట్లో కుర్చీలు లేవా అని ఆవిడ అడిగింది. బహుమతి వచ్చిన నవలక్కా అని తమ్ముడు నసిగితే, అంతసేపు నిలబడినందుకు ఇచ్చి ఉంటారు అంది. ఒక సినిమాలో పిల్లకు కళ్లు సాసర్లంత ఉన్నాయట, ఎదురుగా ఉన్న దొంగ మాత్రం ఆఖరిదాకా కనపడడట. ఇంకోదాంట్లో తిమింగలం ఎగురుతుంది. ఎగిరితే ఎగరనీ, నీతులు చెప్పడం దేనికి అని ఆవిడ బాధ. ఇలా ఒక్కొక్కదాన్నీ ఉతికి ఆరేసేది. తను పుట్టాక ఈ లోకంలో ఒక్క మంచి కథైనా రాలేదన్నట్టు ఉండేది వరస.

మాంగా దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆవిడ కోపం కట్టలు తెంచుకునేది. హీరో మొదటి పేజీలోనే చచ్చాడని, ఆ తర్వాత కత్తిపోటు తిన్నాడని, ఆ తర్వాత కత్తి చూసి భయపడ్డాడని వాపోయేది. జవాబు చెప్పేశాక తీరిగ్గా ప్రశ్న అడుగుతారట. పేజీల నంబర్లు సైతం పెద్దవాటి నుంచి చిన్నవాటికి వేసుకున్నారు, వింతగా కనపడాలని వెధవ వేషాలు అనేది.

మాంగా కుడి వైపు నుంచి చదవాలి. మనం ఆఖరి పేజీ అనుకునేది దానికి మొదటిది. ఆ సంగతి ఆవిడకు తెలియదు. తమ్ముడికీ కూతురికీ తెలుసు. ఇద్దరూ నోరు విప్పలేదు. మొదటి వారం చెప్పబోయిన మేనకోడలి కాలు మామయ్య బల్ల కింద తొక్కాడు. ఆ తర్వాత ఆ పిల్లకు చెప్పాలనే అనిపించలేదు. ఇటు కాదు, అటు నుంచి చదవండి అని ముద్రించి ఉండే పేజీని మామయ్య ముందే చించేసి తెచ్చేవాడు. ఆవిడ తిట్టిపోస్తుంటే ఇద్దరూ తలలు దించుకుని, ఎంతో వినయంగా వింటున్నట్టు మొహాలు పెట్టి, ఆనక వీధి చివరిదాకా వెళ్లి పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లు. జన్మంతా ఆవిడ చేత మాటలు పడ్డ ఇద్దరికీ అంతకంటే చవగ్గా కసి తీరే దారి దొరకలేదు. గొప్ప పగే లెండి. చెప్పుకుంటే సిగ్గుచేటు.

కూతురు బిస్కెట్ డబ్బాల మీద బొమ్మలు వేసే ఆఫీసులో పనిచేస్తుంది. నవ్వే కుక్కపిల్లలు, నవ్వే ఆవులు, ఆఖరికి నవ్వే గోధుమ కంకులు. వాటితో మొహం మొత్తి, ఆఫీసు లేని రోజుల్లో ఒక్క మాట కూడా లేని బొమ్మల కథ ఒకటి గీసింది. ఒంటరి ఆడమనిషి, ఖాళీ మంచం, ఉత్త గది. పేజీ పేజీకీ ఆ గదిలోకి ఒక్కొక్క వస్తువు వస్తుంది: కప్పు, గొడుగు, చిన్న చెప్పులు. చివర గుమ్మంలో ఒక పిల్ల నిలబడి ఉంటుంది. అది నాన్న వదిలేసి పోయిన ఇల్లు తనతో నిండిన కథ. బొమ్మల పత్రిక ఒకటి సోమవారంలోగా పంపమంది. పంపాలా, చించెయ్యాలా? అమ్మ దాన్ని ఆఖరిదాకా చదివి, ఒక్క మంచి మాట అంటే పంపుదామని, లేకపోతే మళ్లీ కుంచె పట్టకూడదని ఒట్టు పెట్టుకుంది. లోకంలో ఇంతమంది ఉండగా ఆ తల్లి చేతిలోనే తన తలరాత పెట్టడం ఏం తెలివో. కానీ ఆ పిల్లకు కావలసింది ఆ మాట ఒక్కటే.

పేరు రాయకుండా, ఆఫీసులో ప్రింట్ తీసి కుట్టి మామయ్యకు ఇచ్చింది. అతను మిగతా పుస్తకాలతో పాటు సంచిలో వేసి తెచ్చాడు. ఏళ్ల తరబడి మాంగా చదివి చదివి కూతురి చేతికి కుడి నుంచి గీయడం అలవాటైపోయింది. అమ్మ దీన్ని ఎటు నుంచి తెరుస్తుందన్న ఆలోచన మాత్రం ఆ తెలివైన బుర్రలోకి రాలేదు. నవ్వించే తప్పులు ఊళ్లోవాళ్ల పుస్తకాలకే జరుగుతాయని ధీమా.

తర్వాతి ఆదివారం మరకలమ్మ ఒక నవలను రెండు మాటల్లో పాతిపెట్టింది. ఒక సినిమాను ఒక్క మాటలో. తర్వాత కుట్టిన కాగితాలు తీసి బల్ల మీద పెట్టి, వాటి మీద అరచెయ్యి ఆనించి ఊరుకుంది. ఆవిడ ఊరుకోవడం ఆ ఇంట్లో వింత.

"ఇది బాగుంది" అంది మరకలమ్మ.

తమ్ముడు మంచినీళ్లు తాగబోతూ ఆగిపోయాడు. కూతురికి ఒళ్లంతా తేలికైపోయింది, ఎగరాలనిపించింది. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు.

"పిల్ల గుమ్మం దాటేస్తుంది" అని ఆవిడ చెప్పుకుపోయింది. "అక్కణ్ణించి ఒక్కో పేజీకీ ఒక్కో వస్తువు పోతుంటుంది. చెప్పులు, గొడుగు, కప్పు. ఆఖరికి ఆవిడా, మంచమూ. వీడెవడో చూసి గీశాడు. మనుషులు ఒక్కసారిగా పోర్రా. ముందు వాళ్ల వస్తువులు పోతాయి. మీ బావ అలాగే పోయాడు. గడ్డం గీసుకునే సామాను కనపడకపోతే నేను ఎలకలనుకున్నాను."

ఆవిడ నోట ఆ మనిషి ప్రస్తావన అంత పొడుగ్గా రావడం వాళ్లిద్దరూ ఎప్పుడూ వినలేదు. మామయ్య మొహంలో నవ్వు రాబోయి ఎక్కడో ఇరుక్కుపోయింది. కూతురు లెక్క వేసుకుంది, ఎందుకంటే ఆ తల్లికి పుట్టిన పిల్లే మరి. తను గీయని కథకు మెప్పు వచ్చింది. వస్తే రానీ, నోరు మూసుకుంటే రేపు పంపుకోవచ్చు, వేళాకోళం బయటపడదు, ఎవరికీ నష్టం లేదు. దాదాపు ఆ నిర్ణయానికే వచ్చింది కూడా.

అప్పుడు మరకలమ్మ కాగితాలు కూతురి వైపు జరిపి, చెవి విరిగిన కప్పు బొమ్మ మీద వేలు పెట్టింది. ఆ కప్పు వాళ్లు కూర్చున్న గదిలోనే కిటికీ గట్టు మీద ఉంది, ఊడిన బొత్తాలు దాచుకోవడానికి.

"ఎప్పుడు వెళ్తున్నావే?" అని అడిగింది.

తిట్టినట్టు లేదు. ధర అడిగినట్టు అడిగింది. వారమంతా ఆ ప్రశ్న పట్టుకుని ఆవిడ షాపుకు వెళ్లింది, మరకలు అద్దింది, ఇంటికి వచ్చింది. బట్టల అలమరలో కూతురి చీరలూ చొక్కాలూ ఉన్నాయో లేదో రోజూ చూసుకుంది. ఆ దిగులంతా కూతురికి ఆ క్షణాన ఆవిడ కళ్లు చూశాకే తెలిసింది.

"నేనెక్కడికీ వెళ్లడం లేదమ్మా. నువ్వు తిరగేసి చదివావు. అది కుడి వైపు నుంచి మొదలవుతుంది. పిల్ల చివర్లో వస్తుంది."

మరకలమ్మ ఆ కాగితాలను తిప్పి చూసింది. ఇటు చూసింది, అటు చూసింది. తర్వాత తమ్ముణ్ణి చూసింది.

"అయితే ఆ చచ్చిన హీరోలూ..."

మామయ్య ఖాళీ గ్లాసులోకి తొంగి చూస్తున్నాడు. మరకను బట్టి ఎవరేం అబద్ధం చెప్పారో పట్టుకునే మనిషి, తన బల్ల దగ్గర, తన భోజనం తిని, ఇద్దరు తనను చూసి ఇన్నాళ్లూ నవ్వుకున్నారని పట్టుకోవడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆవిడ మొహం ఎర్రబడింది. కూతురు క్షమించమని గొణిగితే, నోర్ముయ్ అంది. లేచి వెళ్లి కళ్లజోడు తెచ్చుకుంది. వాళ్లిద్దర్నీ కదలనివ్వకుండా ఎదురుగా కూర్చోబెట్టి, కుడి వైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కో పేజీ వేలితో తడుముతూ చదివింది. ఖాళీ మంచం. కప్పు. గొడుగు. చిన్న చెప్పులు. గుమ్మంలో పిల్ల. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది, దానికి జలుబు అని వంక పెట్టింది.

"ఇటు నుంచి మామూలుగానే ఉంది" అంది చివరికి. "పిల్ల వచ్చింది, ఇల్లు నిండింది. అటు నుంచే నయం." తర్వాత గొంతు కాస్త మారింది. "అయినా ఇదే ఉండనీ. ఇదిగో, దీపం ఇటుంటే నీడ కూడా ఇటే పడిందేమే? దిద్ది రేపు పంపు."

కూతురు ఒట్టు సంగతి అప్పటికే మరిచిపోయి, పెన్సిలు కోసం వెతుక్కుంటోంది. మామయ్య ఇదే అదనని సంచి భుజానికి తగిలించుకుని, చప్పుడు కాకుండా చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. గడప దాటకముందే అక్క కేక అతన్ని ఆపేసింది.

"ఒరే, తీసుకెళ్లిన మాంగాలన్నీ వచ్చే వారం మళ్లీ పట్రా. చించిన పేజీలతో సహా. ఈసారి సరైన వైపు నుంచి తిడతాను."