అద్దెకుంటున్నానని ఒప్పుకున్న రోజు

డెబ్బైల్లో ఒక ఎండాకాలం, కోర్టు అమీనా పదిమంది పోలీసులతో తిరువూరులో మా ఇంటి మీదికొస్తే, గుమ్మంలో చేతులు చాపి నిలబడి, ఒక్కణ్ణే వాళ్ళని వెనక్కి పంపించాను.

పోలీసులు రాలేదు లెండి. అమీనా, షావుకారు గుమాస్తా, డప్పు కొట్టే ఆయన, అంతే. గుమ్మంలో నిలబడింది కూడా మా ఆవిడ. నేను పెరట్లో నూతి దగ్గర లేని పని కల్పించుకుని ఉన్నాను.

తప్పు నాదే. మేముండేది అద్దె ఇల్లని నేను ఊళ్ళో ఒప్పుకునేవాణ్ణి కాదు. బస్టాండు దగ్గర కాఫీ హోటల్లో కూర్చుని, "ఇంటాయన నాకు బాబాయి వరస. నా దగ్గర అద్దె పుచ్చుకుంటాడా?" అనేవాణ్ణి. ఆ ఇంటాయన రెడ్డిగూడెం వైపు మామిడి తోటలు పాటకు తీసుకుని, ఇల్లు తాకట్టు పెట్టి, గాలివానకు కాయంతా రాలిపోయి మునిగాడు. కోర్టు వేలంలో అప్పిచ్చిన షావుకారే ఇల్లు పాడుకున్నాడు. అది ఆయనకు స్వాధీనం చెయ్యడానికే అమీనా వచ్చాడు. ఇంటాయన వినగడపలో అత్తవారింటికి చేరాడు.

బాకీపడ్డవాడి చుట్టాలైతే సామానుతో సహా అప్పటికప్పుడు బయటికి నడిపించవచ్చు. అద్దెకున్నవాళ్ళనైతే కుదరదు. తలుపుకి కాగితం అంటించి, ఇల్లు చేతులు మారిందని డప్పు కొట్టి చాటి వెళ్ళిపోవాలి. మనిషిని కదిలించాలంటే మళ్ళీ వేరే దావా. ఈ చట్టమంతా నాకు ముందే కంఠస్థమని రాయాలనుంది గానీ, అమీనా చెబితే తెలిసింది.

లోపల మా పెద్దపిల్లకు ఆటలమ్మ పోసి నాలుగో రోజు. అలాంటి పిల్లను భుజాన వేసుకుపోతే ఊళ్ళో మాకు ఇల్లెవరిస్తారు?

"మీరు ఇంటాయన బంధువులంట కదమ్మా. గంటలో సామాను తీసెయ్యాల," అన్నాడు అమీనా.

"ఎవరన్నారండి?"

"మీ ఆయనే," అన్నాడు గుమాస్తా. "హోటల్లో పదిమంది ముందర."

మా ఆవిడ లోపలికెళ్ళి, వంటింట్లో ఊచకు గుచ్చిన కేలండరు కాగితాలు తెచ్చింది. ప్రతిదాని వెనకా ‘ఈ నెల అద్దె ముట్టినది’ అని ఇంటాయన సంతకం. రసీదు అడగడం నామోషీ అని నేను అద్దె డబ్బు మా ఆవిడ చేత పంపేవాణ్ణి. ఆవిడ నెలనెలా అడిగి రాయించుకునేదని ఆ రోజే తెలిసింది.

"నిన్న రాయించుకొచ్చుంటారు," అన్నాడు గుమాస్తా.

"నిన్నటి కాగితానికి మూడేళ్ళ పొగ ఎట్టా పట్టిందండి?"

అమీనా నవ్వాపుకున్నాడు. "కాగితం ఒకటి, మనిషి నోరు ఇంకోటి చెబితే నేనేం రాసుకోనమ్మా? ఆయన్నే పిలవండి."

"ఏవండీ! నూతిలో ఏం పోయింది? ఇటు రండి."

వచ్చాను. డప్పు చూసి హోటలు బ్యాచంతా మా వాకిట్లో చేరింది.

"ఏం బావా, బాబాయి కబురు పెట్టలేదా?" అన్నాడొకడు. అందరూ గొల్లుమన్నారు.

"బాబాయి అనేది, అభిమానం కొద్దీ..." అని మొదలుపెట్టాను. లోపల్నుంచి పిల్ల దాహమంది.

"అద్దెకుంటున్నానండి."

"గట్టిగా," అన్నాడు అమీనా.

"అద్దెకే ఉంటున్నానండి! నెలకి ముప్పై. ఏ నెలా ఆలస్యం కాలేదు."

"రెండుసార్లైంది," అంది మా ఆవిడ. అమీనా అది రాసుకోలేదు.

కాగితం మీద ‘అద్దెదారు’ అని నా చేత్తోనే రాయించి సంతకం పెట్టించాడు. ఇక మీద అద్దె షావుకారుకి ఇవ్వమని చెప్పి, తలుపుకి నోటీసు అంటించాడు. డప్పాయన ఇల్లు ఎవరిదైందో వీధంతా చాటాడు. మేం లోపలే ఉన్నాం. ఒక్క గిన్నె కూడా గడప దాటలేదు.

నేను మాత్రం సంతకం కింద ‘యజమానికి ఆప్తుడు’ అని చేర్చబోయాను. మా ఆవిడ కలం లాక్కుని అమీనా చేతిలో పెట్టి, పిల్లకు నీళ్ళివ్వడానికి లోపలికెళ్ళింది.