భీమశంకరం గారు పెట్టిన పరీక్ష

నోవై ఊళ్ళో భీమశంకరం గారిని ఎరిగినవాళ్ళకు ఆయన అనుమానాలూ ఎరుకే. కారు సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు ముందు చక్రం దగ్గర చప్పుడొస్తోందని మెకానిక్‌తో చెప్పరు. "మనమే చెప్పేస్తే వాడు కనిపెట్టేదేముంది?" అంటారు. జాతకం చెప్పించుకునేటప్పుడు నోరు మెదపకూడదని, మెదిపితే మన మాటే మనకు తిప్పి చెబుతారని చిన్నప్పుడు మేనమామ నేర్పాడు. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం దానికి సాన పట్టింది. కార్ల విడిభాగాల కంపెనీలో పోతపోసిన ముక్కల ఎక్స్‌రేలు చూసి, లోపల బుడగ ఉన్నా చీలిక ఉన్నా రిజెక్ట్ చేయడం ఆయన పని.

అలాంటి మనిషికి అరవై ఎనిమిదో ఏట గుండె కండరం మందమెక్కిందని తేలింది. ఎమ్మారై తీస్తామన్నారు. ఆ బొమ్మను కంప్యూటర్ చదివి, ఈ గుండె ప్రాణం మీదికి వచ్చేలా లయ తప్పుతుందా అని అంచనా కడుతుందట. అంచనా ఎక్కువొస్తే భుజం కింద చిన్న యంత్రం అమరుస్తారు. లయ తప్పగానే అది షాక్ కొట్టి గుండెను దారిలో పెడుతుంది.

"అంచనా కట్టేదీ వాళ్ళే, యంత్రం పెట్టేదీ వాళ్ళే. బాగా కుదిరింది" అన్నారు భార్య త్రివేణితో.

స్కాన్‌కి ముందు ప్రశ్నల ఫారం ఇచ్చారు. 'ఎప్పుడైనా స్పృహ తప్పారా?' ఫిబ్రవరిలో డ్రైవ్‌వేలో మంచు తోస్తూ తప్పారు. మెలకువ వచ్చేసరికి చెంప మంచులో ఉంది, పార రెండు బారల దూరంలో ఉంది. ఇంట్లో మాత్రం జారిపడ్డానని చెప్పారు. ఇప్పుడు నిజం రాస్తే కారు నడపొద్దంటారేమోనన్న బెంగ కొంత. బొమ్మకు అంత తెలిస్తే అదే చెప్పాలన్న పంతం ఎక్కువ. 'లేదు' అని గుర్తు పెట్టారు.

రెండు వారాల తర్వాత గుండె డాక్టర్ వర్ష స్క్రీన్ భార్యాభర్తలవైపు తిప్పింది. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల.

"అంకుల్, బ్లాక్‌గా ఉన్నది మంచి మజిల్. ఈ వైట్ ఉంది కదా, అది స్కార్. కరెంట్ దాంట్లోంచి స్ట్రైట్‌గా వెళ్ళదు, చుట్టూ తిరుగుతది. అట్లా డేంజర్ రిథమ్ స్టార్ట్ అవ్వచ్చు."

భీమశంకరం గారు ముక్కు స్క్రీన్‌కి తగిలేంత దగ్గరగా వంగారు. గుండె గదుల మధ్య గోడలో తెల్లని పోగులు.

"ఇది మచ్చేనా, ఫోటోలో లోపమా?"

"రెండు యాంగిల్స్‌లో ఉంది, అంకుల్."

"మీ కంప్యూటర్ ఎవరి గుండెలు చూసి నేర్చుకుంది? మనవాళ్ళవి ఉన్నాయా అందులో?"

"చాలా తక్కువ. అందుకే నేను దాన్ని ఫుల్‌గా నమ్మను."

ఆయన తలెత్తి ఆ పిల్లవైపు మొదటిసారి సరిగా చూశారు.

"మరి అదేమంది?"

"రిస్క్ మధ్యలో ఉంది అంది. స్కార్ మరీ పెద్దది కాదు. మీరు ఫెయింట్ అవ్వలేదు, ఫ్యామిలీలో ఎవరూ సడన్‌గా పోలేదు. సో, ఇప్పుడు డివైస్ వద్దు. వన్ ఇయర్ తర్వాత మళ్ళీ చూద్దాం."

"అమ్మయ్య" అంది త్రివేణి, హ్యాండ్‌బ్యాగ్ భుజాన వేసుకుంటూ.

భీమశంకరం గారు మాత్రం లేవలేదు. "నేను రాసింది కూడా లెక్కలో వేశారా?"

"వేస్తాం కదా అంకుల్. మీరు పడ్డారో లేదో పిక్చర్‌కి ఎట్లా తెలుస్తది?"

వద్దన్నది కంప్యూటర్ కాదు, తను రాసిన అబద్ధం.

"ఆ 'లేదు' కొట్టెయ్యమ్మా. ఫిబ్రవరిలో పడ్డాను. స్పృహ లేదు. ఎంతసేపో తెలీదు."

"జారానన్నారు కదండీ!" త్రివేణి భుజాన ఉన్న బ్యాగ్ దించేసింది. "నాకు అబద్ధం, డాక్టర్‌కి అబద్ధం. మంచులో గడ్డకట్టి పోయుంటే అప్పుడెవరికి చెప్పేవారు?"

వర్ష నవ్వలేదు, కోప్పడలేదు. కీబోర్డ్ మీద వేళ్ళు ఆపి, "కంప్యూటర్ మళ్ళీ ఇచ్చే నంబర్ కోసం ఆగను. ఈ వీక్‌లోనే డివైస్ పెడదాం. నేను చెప్పేదాకా డ్రైవింగ్ నో" అంది. ఆ తర్వాత మెల్లగా అడిగింది. "మిగతా 'లేదు'లు నిజమేనా, అంకుల్?"

ఆయన బూట్లకేసి చూస్తూ చెప్పారు.

"మా చిన్నన్నయ్య. నలభై రెండేళ్ళు. బస్సులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఎండదెబ్బ అన్నారు."

"మీకు పిల్లలు ఉన్నారా?"

"ఒక్కతే అమ్మాయి, నమ్రత. పార్సిప్పనీలో ఉంటుంది."

"తనకి కూడా టెస్ట్ చేయాలి. ఇది ఫ్యామిలీస్‌లో వస్తది."

ఆయన అక్కడే ఫోన్ తీశారు. నమ్రత ఆఫీస్‌లో ఉంది, వెనక ఎవరో మాట్లాడుతున్నారు.

"అమ్మలూ, నీకెప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోవడం లాంటిది జరిగిందా?"

"లేదు నాన్నా. ఎందుకు?"

మరీ తొందరగా చెప్పినట్టు తోచింది ఆయనకు.

"తలుపేసుకుని కూర్చుని, నిదానంగా ఆలోచించి చెప్పు తల్లీ. నేను లైన్‌లోనే ఉంటాను."