తుపాకీ ఉందని గట్టిగా చెప్పిన రోజు

మొన్న మధురానగర్‌లో జాకెట్లు కుట్టే ఆవిడ దగ్గరికి వెళ్లాను. నా కొలతలు తీసుకునే ముందు ఆవిడ మిషన్‌కు నాలుగు చుక్కల నూనె వేసింది. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో, చేతులు చాచి నిలబడినదాన్ని కాస్తా ఎడమ మోచేతిని పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఎదురుగోడ మీది క్యాలెండర్‌లో ఆదివారానికి గురిపెట్టేశాను. "ఊపిరి తీసుకోండమ్మా, జాకెట్టు బిగుతవుతది" అని ఆవిడ నవ్వింది.

అలా ఊపిరి బిగబట్టడం నాకు నేర్పింది జమీలా మేడం. ఎనభైలలో నేను పంజాగుట్టలోని ఒక ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ చదివేటప్పుడు ఆమె మాకు ఆటల టీచరు. నలభై దాటిన మనిషి, పొట్టిగా, గుండ్రంగా ఉండేది. కొంగు నడుముకు దోపుకొని, మెడలో ఈల వేసుకొని, అమీర్‌పేటలోని తమ్ముడి ఇంటి నుంచి రోజూ నడిచే వచ్చేది. వాళ్ల నాన్న అటవీశాఖలో పనిచేశాడట. పదేళ్లకే కూతురి చేతికి రైఫిల్ ఇచ్చాడట. ఆమె నన్ను ఎంచుకున్న తీరు చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. ఖోఖో ఆటలో వెనక నుంచి ఎవరో నా వీపు మీద చరిచి "ఖో" అన్నారు. నేను లేవలేదు. రెండోసారి చరిచినా లేవలేదు. ఏదో ఆలోచనలో పడి అలాగే కూర్చుండిపోయాను. మా జట్టు ఓడిపోయింది, అందరూ నన్ను తిట్టారు. మేడం మాత్రం నా చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "గింతసేపు కదలకుండ కూసున్న పోరిని నేను నా సర్వీసుల చూడలే. నువ్వు ఉరుకుడుకు పనికిరావు స్వరూపా, గురికి పనికొస్తవ్" అంది.

ఊరి బయట ఉన్న షూటింగ్ రేంజ్‌కు ప్రతి ఆదివారం మమ్మల్ని నలుగురిని తీసుకుపోయేది. మొదటి నెల రైఫిళ్లకు మిషన్ నూనె రాయించిందే తప్ప ఒక్క తూటా కూడా పేల్చనివ్వలేదు. రైఫిల్ చేతికి తీసుకోగానే గొట్టం ఖాళీగా ఉందో లేదో చూసుకొని, పక్కవాళ్లకు వినపడేలా "ఖాళీ!" అని అరవాలి. అదే పాఠం. నాకదే రాలేదు. నా గొంతు అంత చిన్నది. బస్సులో "ఖైరతాబాద్ వస్తే చెప్పండి" అని అడిగితే కండక్టరుకు వినపడేది కాదు. లక్డీకాపూల్ దాకా పోయి వెనక్కి నడిచి వచ్చేదాన్ని. మేడం దూరంగా నిలబడి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని, "నాకు వినపడలే బేటా! మళ్లొకసారి!" అని నా ప్రాణం తీసేది.

చివరి సంవత్సరం ఢిల్లీలో ఎంపిక పోటీలకు నా పేరు వచ్చింది. బయలుదేరే వారంలో వానలకు రైలుపట్టాలు కొట్టుకుపోయాయి. కాలేజీ కమిటీలో ఎవరో పెద్దమనిషి పుణ్యమా అని నాకూ మేడంకూ విమానం టికెట్లు దొరికాయి. మా ఇద్దరికీ అదే మొదటి విమానం. మరి రైఫిల్ ఎలా? మేడం విమానాల ఆఫీసుకు నాలుగుసార్లు, పోలీసు ఠాణాకు మూడుసార్లు తిరిగింది. రైఫిల్ ఖాళీగా ఉండాలి, బోల్టు విప్పాలి, తూటాలు విడిగా కట్టాలి, అన్నీ తాళం వేసిన పెట్టెలో సామానుతోపాటు ఇవ్వాలి, కౌంటర్ దగ్గర ముందే చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యంగా లైసెన్సు కాగితాలు ఉండాలి. మేడం ఒక్కో కాగితానికి ఐదు నకళ్లు తీయించి, అమీర్‌పేట వడ్రంగి చేత పొడవాటి పెట్టె చేయించింది. ఆ పెట్టె శవపేటికలా ఉందని మా అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ప్రయాణం రోజు ఆటో ఎక్కాం. పెట్టె ఇటు కొంత, అటు కొంత బయటికి వచ్చింది. పంజాగుట్ట చౌరస్తా దాటగానే ఆటో అతను వెనక్కి తిరిగి, "ఏందమ్మా గంత పొడుగు డబ్బ? వీణనా?" అన్నాడు. నేను గబుక్కున "అవునన్నా" అనేశాను.

"కాదు భాయ్" అంది మేడం. "రైఫిల్. అసలు రైఫిలే. కాయితాలున్నయ్, చూస్తవా?"

ఆటో రోడ్డు పక్కకు వచ్చి ఆగిపోయింది. "అమ్మా, నాకు ఇద్దరు చిన్నపిల్లలున్నరు."

"నాకు ఇరవై మంది ఉన్నరు. గిదొకతి" అని మేడం నన్ను చూపించింది. ఎంత చెప్పినా అతను వినలేదు. దింపేసి, డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఆమె ముందు, నేను వెనక, మధ్యలో ఆ పెట్టె. బేగంపేట విమానాశ్రయం దాకా వాన వెలిసిన ఎండలో మోసుకుంటూ నడిచాం. దారిలో ఒకాయన మమ్మల్ని చూసి టోపీ తీసి పక్కకు జరిగాడు. నాకు ఏడుపొచ్చింది. "వీణ అంటే మన సొమ్మేం పోయేది మేడం?" అన్నాను.

"వాయించమంటే ఏం చేస్తుంటివి?"

కౌంటర్ దగ్గర మేడం నన్ను ముందుకు తోసింది. "నీ పోటీ, నీ రైఫిల్. నువ్వే చెప్పు." కౌంటర్‌లో ఉన్నాయన కోస్తా మనిషి. నేను చెప్పింది వినపడక "ఏంటమ్మా? ఏం ఉందంటున్నారు?" అన్నాడు. రెండోసారి చెప్పాను. "కాస్త గట్టిగా చెప్పండి." వెనక మేడం చెవికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది. ఒంట్లో ఉన్న గాలంతా కూడగట్టి, "తుపాకీ ఉందండీ!" అని అరిచాను.  మా వెనక ఆవకాయ జాడీ చంకలో పెట్టుకున్న పెద్దాయన జాడీతో సహా పక్క వరసలోకి మారిపోయాడు. ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుపు మొదలుపెట్టింది.

ఇన్‌స్పెక్టరు, ఆయన వెంట నలుగురు కానిస్టేబుళ్లు వచ్చారు. మేడం పెట్టె తెరిచి కాగితాలు పరిచింది. వాళ్లు అలాంటి పోటీ రైఫిల్‌ను ఎప్పుడూ చూడలేదట. మేడంకు ఇంకేం కావాలి? గొట్టం ఖాళీగా ఉందని ఎలా చూడాలో ఐదుగురికీ పాఠం మొదలుపెట్టింది. ఒక కానిస్టేబుల్ నెమ్మదిగా "ఖాళీ" అంటే, "వినపడలే నాయనా, మళ్లొకసారి" అంది. అతను అటెన్షన్‌లో నిలబడి అరిచాడు. ఇన్‌స్పెక్టరు నవ్వాపుకొని, తూటాల పొట్లం చూసి, "గివి గాక ఇంకేమన్న ఉన్నయా మేడం?" అని అడిగాడు.

"ఒక్కటి సుత లేదు సాబ్" అంది మేడం ధీమాగా.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నా చేతిసంచిలో, రుమాలు మూటలో ఒక తూటా ఉంది. మూడు వారాల కిందట నేను బాగా గురిపెట్టిన రోజున అదృష్టం కలిసివస్తుందని రేంజ్ నుంచి దాచుకొచ్చాను. ఆ రోజు లెక్కలో ఒకటి తక్కువైందని మేడం మోకాళ్ల మీద గంటసేపు గడ్డిలో వెతికింది. నేనూ పక్కనే కూర్చొని వెతికినట్టు నటించాను. విమానానికి ఎలా వెళ్తామన్న కంగారులో సంచిలో అది ఉన్న సంగతే మరిచిపోయాను.

మేడం కొంగు పట్టి పక్కకు లాగి చెప్పేశాను.  ఆమె "గడ్డిల దేవులాడితిమి. గదేనా?" అంది.

"అదే. ఎవరూ చూడట్లేదు మేడం. ఆ చెత్తబుట్టలో వేసేస్తాను."

"రేపు ఆ బుట్ట ఎత్తేటామె చేతుల పడ్తది. పోలీసోళ్లు అడిగితే ఆమె ఏం చెప్పుకోవాలె?"

నా చెయ్యి పట్టుకొని వెనక్కి తీసుకెళ్లింది. "సాబ్, నేను తప్పు చెప్పిన. ఇంకొకటున్నది. మా పిల్ల చెప్తది, జర వినుండ్రి." ఈసారి మళ్లీ గట్టిగా చెప్పాల్సిన అవసరం రాలేదు. మొదటిసారికే అందరికీ వినపడింది. ఇన్‌స్పెక్టరు ముఖంలో నవ్వు మాయమైంది. విమానాలను హైజాక్ చేసిన వార్తలు పేపర్లలో వస్తున్న రోజులవి. మమ్మల్ని గదిలో కూర్చోబెట్టి అన్నీ రాయించుకున్నారు. మేడం తన కాగితంలో, తూటాల లెక్క తన బాధ్యత కాబట్టి తప్పు తనదేనని రాసి సంతకం పెట్టింది. మేం అక్కడ ఉండగానే మా విమానం పైకి లేచిన చప్పుడు వినపడింది. నేను వెక్కివెక్కి ఏడ్చాను. మేడం టిఫిను విప్పి, "ఏడ్చుకుంటనన్న తిను. పరాటలు సల్లగయితున్నయ్" అంది.

చాలాసేపటికి ఇన్‌స్పెక్టరు వచ్చి తూటాను స్వాధీనం చేసుకున్నట్టు రసీదు ఇచ్చాడు. "పట్టుకుంటే లోపలేసేవాణ్ని. మీ అంతట మీరే చెప్పిండ్రు కాబట్టి పొమ్మంటున్న" అన్నాడు. మర్నాటి విమానంలో చోటుందేమో తానే వెళ్లి అడిగివచ్చాడు.

మర్నాడు విమానంలో కూర్చున్నాక మేడం ముఖం చూసి భయపడ్డాను. పాలిపోయి, చెమటలు పట్టి ఉంది. ఎయిర్‌హోస్టెస్ మిఠాయిల పళ్లెం పట్టుకొని రాగానే మేడం, రేంజ్‌లో అరిచే గొంతుతోనే, "అమ్మా, నాకు మస్తు భయమైతుంది. నువ్వు జర గడియకోసారి గిటు దిక్కు వస్తుండు" అంది. ముందు వరసలవాళ్లంతా తిరిగి చూశారు. నేను సిగ్గుతో కుంచించుకుపోయాను. పక్క సీటులో కోటు వేసుకున్న పెద్దమనిషి మాత్రం నెమ్మదిగా, "నాకూ అంతేనండీ" అని ఒప్పుకున్నాడు. ఢిల్లీ దాకా మేడం ఒక చేత్తో ఆయన చేతినీ, ఇంకో చేత్తో నా చేతినీ వదల్లేదు. దిగేటప్పటికి ట్రిగ్గరు నొక్కాల్సిన నా వేలు కమిలిపోయి ఉంది.

పోయిన విమానంతోపాటు ప్రాక్టీసు చేసే రోజు కూడా పోయింది. పోటీలో ఎనిమిది మందిని తీసుకున్నారు. నేను తొమ్మిది. పట్టాలు బాగయ్యాక రైల్లో తిరిగి వస్తూ, నన్ను తిడుతుందేమోనని రాత్రంతా ఎదురుచూశాను. నాగపూర్ దాటాక ఒక్కమాట అంది. "అదృష్టం తూటా లేకుండనే తొమ్మిదైనవు. ఉంటే పదయ్యేదానివి." అంతే, మళ్లీ ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. ఆ ఆదివారం మళ్లీ రేంజ్‌కు తీసుకుపోయింది, తూటాల లెక్క నా చేతికే ఇచ్చింది.

మేడం పోయి పన్నెండేళ్లయింది. నేను షూటర్‌ను కాలేదు. రైఫిల్ పట్టుకొని ముప్పై ఏళ్లు దాటింది. అయినా నిరుడు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ చేయించుకునేటప్పుడు, మత్తుమందు ఇచ్చే కుర్ర డాక్టరు గబగబా ఏవేవో చెప్పుకుంటూ పోతున్నాడు. మా అబ్బాయి, కోడలు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఇంట్లో అందరికీ నేను ధైర్యవంతురాలిననే పేరు. ఆ పేరును అలాగే ఉంచుకోవాలని నాకూ ఉంది. కానీ నోరు ఊరుకోలేదు.

"డాక్టరు గారూ, నాకు చాలా భయంగా ఉంది" అన్నాను, గది బయటి దాకా వినపడేలా.

డాక్టరు మాట ఆపేశాడు. చేతిలోని కాగితాలు పక్కన పెట్టి, స్టూలు లాక్కొని నా మంచం పక్కన కూర్చున్నాడు. "దేనికి భయమో చెప్పండమ్మా" అన్నాడు.

చెప్పాను. అంతా చెప్పాను.